కొట్టు పెట్టినవారు, జీతము పంపినవారు



మన గోదావరి జిల్లాలలోను, కడప ప్రాంతములోను, తెలంగాణలో కరీంనగరు, నిజామాబాదు ప్రక్కలను ఒక్క మనిషైనా విదేశములో లేని ఊరు అరుదు. అందుచేత ఈ శీర్షికకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న మరల మరల కనబడుచుండును. "ఇద్దరమ్మాయిలు ఒకే ఏడు వెళ్లినారు. ఒకరు మేడ కట్టినారు, ఒకరు అప్పుతో తిరిగి వచ్చినారు. ఎందుకిలా?" అని. కొందరు అది అదృష్టమని అందురు. కొందరు కష్టపడు గుణములో తేడా అని అందురు. మేమైతే ఈ రెండు మాటలతోను తృప్తిపడలేదు. మన ఊరి సంగతి మనకు మరీ దగ్గర. దగ్గరగా పెట్టుకొన్న అక్షరము కంటికి ఆనదు గదా. కనుక ఈ నెల కొంచెము దూరముగా చూచెదము. ఒకే పట్టణములో, అనగా ఇంగ్లాండు దేశపు లండనులో, బ్రతుకుతెరువు వెదుకుకొన్న రెండు జనముల సంగతి చెప్పెదము. వారు సైప్రసువారు, ఫిలిప్పీన్సువారు.

మొదట పేర్ల సంగతి. సైప్రసు మన పాఠకులకు క్రొత్త స్థలము కాదు. అపొస్తలుల కార్యములలో మనము కుప్ర అని చదువుకొను ద్వీపమే అది. బర్నబా స్వస్థలము అదే. పౌలు మొదటి ప్రయాణములో దిగిన సలమీ, పాఫు పట్టణములు ఆ ద్వీపమందే ఉన్నవి. ఫిలిప్పీన్సును మాత్రము పౌలు పత్రిక వ్రాసిన ఫిలిప్పీతో కలుపుకొనరాదు. ఆ ఫిలిప్పీ గ్రీసు దేశపు ఉత్తర భాగములోనిది. ఫిలిప్పీన్సు మనకు తూర్పుగా, చైనా సముద్రమునకు ఆవల ఉన్న వేలకొలది దీవుల దేశము. స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పు పేరు దానికి పెట్టినారు.

ఇప్పుడు కుప్రవారి సంగతి. ఆ ద్వీపము 1878లో బ్రిటిషువారి పాలనలోనికి వచ్చినది. 1960లో స్వతంత్రమైనది. అక్కడ గ్రీకు భాష మాట్లాడు క్రైస్తవులు ఎక్కువమంది, టర్కీ భాష మాట్లాడు ముసల్మానులు తక్కువమంది. ఇరువురిలోను పల్లెటూరి బీదలే అధికము. వానలు సరిగా కురియవు, భూమి చాలదు, పని దొరకదు. ఆ మీదట 1955 నుండి 1959 వరకు బ్రిటిషు పాలనకు వ్యతిరేకముగా సాయుధ పోరాటము జరిగినది. ఇట్టి దినములలో వేలకొలది కుటుంబములు ఓడలెక్కి లండను చేరినవి.

వారిలో పెద్ద చదువులు చదివినవారు బహు కొద్దిమంది. ఇంగ్లీషు రానివారు అనేకులు. హోటళ్ల వంటగదులలో పళ్లెములు కడిగినారు, కాఫీ అంగళ్లలో వడ్డించినారు, క్షౌరము చేసినారు, చెప్పులు కుట్టినారు. స్త్రీలు బట్టల కార్ఖానాలలో కుట్టుమిషనుల ముందు కూర్చుండిరి. చంటిబిడ్డలున్న తల్లులు మిషను ఇంటికే తెచ్చుకొని, ఒక్కొక్క బట్టకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చు కూలికి రాత్రి ప్రొద్దుపోవు వరకు కుట్టినారు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో ఇంటి అరుగుమీద కూర్చుండి లేసు అల్లిన మన తల్లులకు ఈ లెక్క ఎవరును వివరించనక్కరలేదు. పని ఇంట్లోనే, కూలి మాత్రము ఏజెంటు చెప్పినంతే.

లేసు మాట వచ్చినది గనుక ఒకరి సంగతి చెప్పవలెను. కుప్రలో కాటో డ్రిస్ అను కొండ పల్లె కలదు. ఆ ప్రాంతపు స్త్రీలు చేతి లేసుకు ప్రసిద్ధులు. 1913లో అక్కడ పుట్టిన రియో స్టాకిస్ అను బాలుడు 1928లో, ఇంకను మీసము రాని వయస్సులో, తల్లి అల్లిన లేసును పెట్టెలో పెట్టుకొని బ్రిటను వెళ్లినాడు. ఇంటింటికి తిరిగి అమ్మినాడు. తరువాత గ్లాస్గో పట్టణములో భోజనశాల తెరిచినాడు. అది ఒకటి రెండై, రెండు పదియై, హోటళ్ల పెద్ద వ్యాపారముగా పెరిగినది. 1988లో ఆయనకు సర్ బిరుదము ఇచ్చినారు. ఇది అందరికి జరిగినదని మేము చెప్పుట లేదు. అయితే దారి ఏ వైపునకు పోయినదో ఇది చూపుచున్నది.

ఆ దారి ఏదనగా, కూలివాడు కొట్టు యజమాని అగుట. పళ్లెములు కడిగినవాడు పదేండ్లకు తన మేనమామతో కలిసి చిన్న కాఫీ అంగడి తీసికొన్నాడు. మిషను కుట్టిన స్త్రీ భర్త నాలుగు మిషనులు కొని తానే కార్ఖానా పెట్టినాడు. పెట్టుబడి బ్యాంకు ఇచ్చినదానికంటె బంధువులు ఇచ్చినది ఎక్కువ. పనివారు కూడ బంధువులే, ఊరివారే. 1970, 1980 సంవత్సరముల కాలములో ఉత్తర లండనులోని చిన్న బట్టల కార్ఖానాలలో పెద్ద భాగము కుప్రవారి చేతిలో ఉండెను. నివాసములు కూడ మారినవి. మొదట కామ్డెన్, ఇస్లింగ్టన్ పేటలలో ఇరుకు అద్దె గదులు. తరువాత హారింగేలోని గ్రీన్ లేన్స్ వీధి. ఆ తరువాత ఇంకను ఉత్తరముగా పామర్స్ గ్రీన్, ఎన్‌ఫీల్డు పేటలలో పెరడున్న సొంత ఇండ్లు. పిల్లలు లెక్కలు వ్రాయు ఉద్యోగులు, వకీళ్లు, ఉపాధ్యాయులు అయినారు.

ఈ కథలో చీకటి పుట లేకపోలేదు. 1974 జూలైలో ద్వీపమందు సైనిక తిరుగుబాటు, వెంటనే టర్కీ సేనల దండయాత్ర జరిగినవి. ద్వీపములో మూడవ వంతుకు పైగా టర్కీ వశమైనది. ఉత్తరమునుండి గ్రీకువారు, దక్షిణమునుండి టర్కీవారు ఇల్లు వాకిలి విడిచి పారిపోయిరి. లండనులోనివారు ముసలితనములో వెళ్లి ఉండవలెనని కట్టుకొన్న ఇండ్లు అనేకము అవతలి ప్రక్కకు పోయినవి. బంధువుల యింట తలదాచుకొనుటకు వేలమంది లండను వచ్చినారు గాని, వారిలో చాలామందికి అక్కడ స్థిరముగా ఉండుటకు అనుమతి దొరకలేదు. మరియు 1990 తరువాత చవుక దేశములనుండి బట్టలు దిగుమతి అగుటచేత లండను కార్ఖానాలు ఒకటొకటిగా మూతబడినవి. ఇంటివద్ద కుట్టిన స్త్రీలలో అనేకుల పేరు ఏ పుస్తకములోను ఎక్కలేదు. పేరు ఎక్కనివారికి ముసలితనములో పూర్తి పింఛను ఎక్కడిది? కుటుంబము పైకి వచ్చినది నిజమే, అయితే ఆ మెట్లు ఎవరి నడుముమీద కట్టబడినవో మరువరాదు.

అయినను మొత్తముమీద చూడగా, చదువు లేక, చేతిలో డబ్బు లేక వచ్చిన జనము ఒక తరములో సొంత ఇంటివారైనారు.

ఇక ఫిలిప్పీన్సువారు. వారి దేశము స్పెయిను క్రింద మూడు వందల ఏండ్లకు పైగా ఉండెను. 1898 నుండి అమెరికా చేతికి వచ్చినది. 1946లో స్వతంత్రమైనది. జనులలో ఎక్కువమంది రోమను కతోలికులు. అమెరికా కాలములో ఇంగ్లీషు బడులు, నర్సుల శిక్షణ కళాశాలలు పెరిగినవి. కనుక వలస వెళ్లునప్పటికి వీరికి కుప్రవారికి లేని రెండు ఆస్తులు ఉండెను. ఒకటి ఇంగ్లీషు, రెండవది చదువు. ఇంటిపనికి వెళ్లిన స్త్రీలలో కూడ కళాశాల చదివినవారు, బడి పంతులమ్మలు కలరు. ఈ లెక్కను చూచినయెడల లండనులో కుప్రవారికంటె వీరే ముందు పైకి రావలసినది. ఏమి జరిగినదో చూడుడి.

1974లో, అనగా కుప్రలో ఇండ్లు తగలబడిన ఆ సంవత్సరమే, ఫిలిప్పీన్సులో అధ్యక్షుడు మార్కోసు క్రొత్త కార్మిక చట్టము తెచ్చినాడు. దేశములో పని లేదు, అప్పులు పెరుగుచున్నవి, గల్ఫు దేశములలో నూనె డబ్బు పారుచున్నది. కనుక మనుష్యులను పనికి పంపుట ప్రభుత్వ విధానమైనది. కొద్దికాలమునకని చెప్పిన ఏర్పాటు అర్ధశతాబ్దము దాటినను నిలిచియున్నది. 1982లో ఒక ఆజ్ఞ వచ్చినది. విదేశములో పనిచేయువారు జీతములో సగము మొదలు, ఓడ పనివారైతే నూటికి 80 వంతుల వరకు, బ్యాంకు ద్వారా స్వదేశమునకు తప్పక పంపవలెనని దాని తాత్పర్యము. కార్మికులు గట్టిగా ఎదిరించుటచేత 1985లో అందలి శిక్షలు తీసివేసినారు. అయినను పంపుట ఆగలేదు, ఏలయనగా ఇంటివద్ద తల్లిదండ్రులు, పిల్లలు ఎదురుచూచుచున్నారు. 2024లో బ్యాంకుల ద్వారా ఆ దేశమునకు చేరిన సొమ్ము సుమారు 3,400 కోట్ల డాలర్లు. అది దేశపు మొత్తము ఉత్పత్తిలో ఇంచుమించు పదమూడవ వంతు.

లండనుకు 1970 తరువాత వచ్చిన మొదటి ఫిలిప్పీన్సువారు హోటళ్లలో, ఆసుపత్రులలో, ధనికుల ఇండ్లలో పనికి అనుమతి పత్రముతో వచ్చినారు. వారి వెనుక మరికొందరు గల్ఫు యజమానుల కుటుంబములతో కూడ వచ్చిన ఇంటిపని స్త్రీలు. వీరి సంగతి మిక్కిలి దుఃఖకరము. వీసా యజమాని పేరుతో కట్టబడియుండెను. కొట్టినను, జీతమియ్యకపోయినను ఆ యిల్లు విడిచినచో ఆమె చట్టవిరుద్ధముగా ఉన్నట్లే. అట్టివారికి సహాయము చేయుటకు 1987లో లండనులో ఒక సంస్థ ఏర్పడినది. దాని పేరు కలయాన్. వారి భాషలో ఆ మాటకు స్వాతంత్ర్యము అని అర్థము. అనేక ఏండ్ల పోరాటము మీదట 1998లో యజమానిని మార్చుకొను హక్కు దొరికినది. 2012లో బ్రిటను ప్రభుత్వము ఆ హక్కును తీసివేసి, వీసాను ఆరు నెలలకు కుదించినది. 2016లో యజమానిని మార్చుకొనుటకు మరల ఒప్పుకొన్నారు గాని ఆ ఆరు నెలల లోపలనే. ఒకరింట బాధపడి బయటికి వచ్చిన స్త్రీకి, రెండు నెలలు మాత్రము మిగిలిన వీసామీద ఎవరు పని ఇత్తురు?

రెండవ తరగతివారు నర్సులు. 2000 సంవత్సరము ఇటు అటుగా బ్రిటను ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సుల కొరత ఏర్పడినది. ఫిలిప్పీన్సు వెళ్లి వారిని పిలిపించుకొన్నారు. 2001 జనాభా లెక్కలో బ్రిటనులో ఫిలిప్పీన్సులో పుట్టినవారు సుమారు 40 వేలు. 2011 నాటికి ఒక్క ఇంగ్లాండు, వేల్సులలోనే లక్షా 20 వేలకు పైబడినారు. పోల్చి చూచుటకు, 2001లో అదే దేశమందు కుప్రలో పుట్టినవారు సుమారు 77 వేలు. ఈ నర్సులలో కూడ అనేకులు మొదట వృద్ధుల ఆశ్రమములలో ఆయా పనితో, తమ చదువుకు తక్కువైన జీతముతో మొదలుపెట్టినారు. తరువాత నర్సులుగా నమోదై, నిలకడైన జీతము పొందినారు. వీరికి భర్తను, పిల్లలను తెచ్చుకొను వీలు కలిగెను. కొన్నేండ్లకు స్థిరనివాసము వచ్చెను. బ్రిటనులో కోవిడు వ్యాధికి ప్రయోగములకు వెలుపల మొదటి టీకాను 2020 డిసెంబరు 8వ తేదీన కోవెంట్రీ పట్టణములో ఒక వృద్ధురాలికి వేసిన చేతులు ఫిలిప్పీన్సు నర్సు మే పార్సన్సువి. ఆ వ్యాధి దినములలో అక్కడి ఆసుపత్రులలో ప్రాణము పెట్టిన ఫిలిప్పీన్సువారు అనేకులు.

ఇప్పుడు రెండు జనములను ప్రక్క ప్రక్కన నిలిపి చూచెదము.

మొదటిది, పత్రము. కుప్రవారు వెళ్లునప్పటికి బ్రిటిషు ప్రజలు. 1962లో బ్రిటను తలుపు సగము మూయువరకు వారు వెళ్లి స్థిరపడు హక్కుతోనే వెళ్లినారు. ఒకచోట పని బాగులేకపోతే మరుసటి వారము వేరొకచోటికి పోవచ్చును. సొంతముగా అంగడి పెట్టవచ్చును. ఫిలిప్పీన్సువారు ఒప్పందముమీద వెళ్లినారు. ఎవరి పని, ఎన్ని నెలలు అన్నది కాగితముమీద ముందే వ్రాసియుండెను. వ్యాపారము పెట్టవలెనన్న ఆలోచనకే చోటు లేదు.

రెండవది, కుటుంబము. కుప్రవారిలో మగవాడు ముందు వెళ్లినను భార్యాబిడ్డలు, అత్తమామలు వెనుకనే వచ్చినారు. ఒక ఇంటిలో నలుగురు సంపాదించినారు, ఒకే పొయ్యిమీద వంట. ఫిలిప్పీన్సునుండి ఎక్కువగా వెళ్లినది స్త్రీ, ఒంటరిగా. తన పిల్లలను అమ్మమ్మ వద్ద విడిచి ఇతరుల పిల్లలను పెంచినది. రెండు పొయ్యిలు, రెండు ఇండ్లు, రెండు ఖర్చులు. అట్టపెట్టెలో సబ్బులు, చాక్లెట్లు, బట్టలు నింపి ఇంటికి పంపుట వారి దేశమంతట ఒక ఆచారమైనది. ఆ పెట్టెకు బలిక్‌బయాన్ అని పేరు కూడ ఉన్నది. పెట్టె చేరును గాని తల్లి చేరదు.

మూడవది, డబ్బు పోయిన దారి. కుప్రవాని మిగులు డబ్బు అంగడిలోనికి, ఇంటిలోనికి పోయినది. లండనులో ఇండ్ల ధరలు పెరిగినప్పుడు ఆ యిల్లే పెద్ద ఆస్తియైనది. ఫిలిప్పీన్సువాని డబ్బు నెలనెలా సముద్రము దాటినది. తమ్ముని ఫీజు, తల్లి మందులు, ఇంటి పైకప్పు, ఏజెంటు అప్పు. అది వ్యర్థమైనదని మేమనము. ఆ డబ్బుతో ఎందరో పిల్లలు చదివినారు. అయితే సంపాదించిన మనిషి చేతిలో అరవై ఏండ్లకు ఏమి మిగిలినదని చూచినప్పుడు తేడా తెలియును.

ఇందుకు ఎవరైనా అడ్డు చెప్పవచ్చును. ఇది జాతి గుణము కాదా, కుప్రవారికి వ్యాపార బుద్ధి, ఫిలిప్పీన్సువారికి సేవా బుద్ధి అని. దీనికి జవాబు అమెరికాలో ఉన్నది. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చి, కుటుంబముతో స్థిరపడుటకు త్రోవ తెరిచినది. ఫిలిప్పీన్సు నర్సులు, వైద్యులు, లెక్కల ఉద్యోగులు ఆ త్రోవన వెళ్లినారు. 2019లో అక్కడి ఫిలిప్పీన్సు కుటుంబములలో సగము సంవత్సరమునకు సుమారు 90 వేల డాలర్లకు పైగా సంపాదించుచుండెను. అది దేశములోని సాధారణ కుటుంబ ఆదాయముకంటె చాల ఎక్కువ. ఒక ఇంటిలో ఎక్కువమంది సంపాదించుట, మొదటినుండి చదువుకొన్నవారు వెళ్లుట కూడ దానికి కారణములే. అయినను జనము వారే. మారినది వారి చేతిలోని కాగితము.

ఈ కథకు ఇంకొక మలుపు కలదు. అది మా మనస్సును మిక్కిలి కలచినది. కుప్ర ద్వీపము తరువాతి కాలములో ధనికమైనది. విహారయాత్రికులు వచ్చినారు, బ్యాంకులు వచ్చినవి, 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినది. ఇండ్లలో ముసలివారిని, పిల్లలను చూచుటకు మనుష్యులు కావలసివచ్చిరి. ఎవరు వచ్చినారు? ఫిలిప్పీన్సు స్త్రీలు, శ్రీలంక, నేపాలు స్త్రీలు. ఆదివారమునాడు రాజధాని నికోసియా తోటలలో, వీధులలో ఒక్క దినపు సెలవు గడుపు ఫిలిప్పీన్సు స్త్రీల గుంపులు కనబడును. ఒకప్పుడు లండనులో పళ్లెములు కడిగినవారి దేశమే ఇప్పుడు పనివారిని పిలుచుకొనుచున్నది. వారికి యజమాని పేరుతో కట్టిన వీసాయే ఇచ్చినారు. 2023 జనవరిలో ఆ దేశము మొదటిసారిగా అందరికి కనీస జీతము నిర్ణయించినది. నెలకు 940 యూరోలు. ఆ చట్టమునుండి ఇంటిపనివారిని మినహాయించినారు.

2019 ఏప్రిల్‌లో అక్కడ ఒక పాత గని గోతిలో ఒక స్త్రీ శవము దొరికినది. విచారించగా ఒక సైనికాధికారి ఐదుగురు విదేశ స్త్రీలను, ఇద్దరు బాలికలను చంపినాడని తేలినది. ఏడుగురిలో నలుగురు ఫిలిప్పీన్సువారు. వారిలో కొందరు కనబడుట లేదని స్నేహితురాండ్రు ఎప్పుడో ఫిర్యాదు చేసియుండిరి. పోలీసులు శ్రద్ధగా వెదకలేదు. ప్రజలు వీధులలోనికి వచ్చి దీపములు పట్టుకొని నిలిచినారు. న్యాయశాఖ మంత్రి రాజీనామా ఇచ్చినాడు, పోలీసు అధిపతిని తొలగించినారు. బంధువులు లేక, ఓటు లేక, యజమాని ఒక్కడే దిక్కుగా ఉన్న మనిషి కనబడకపోయినను ఎవరికి పట్టదని అంతటితో లోకమునకు తెలిసినది. జీతము తక్కువగుట ఒక్కటే బీదతనము కాదు. అడుగువారు లేకపోవుట అంతకంటె పెద్ద బీదతనము.

ఒక మంచి సంగతి కూడ చెప్పవలెను. ఫిలిప్పీన్సు ప్రజలు ఇట్టి దుఃఖములను ఊరక సహింపలేదు. 1995లో సింగపూరులో ఒక ఫిలిప్పీన్సు ఇంటిపని స్త్రీకి ఉరిశిక్ష అమలు జరిగినప్పుడు దేశమంతయు లేచినది. ఆ యేడే వలస కార్మికుల రక్షణకు చట్టము వచ్చినది. 2006లో, ఇంటిపని స్త్రీకి నెలకు 400 డాలర్లకు తక్కువైనచో పంపమని, ఆమెవద్ద ఏజెంటు రుసుము తీసికొనరాదని ఆ ప్రభుత్వము నిబంధన పెట్టినది. 2018లో కువైటుతో ఒప్పందము చేసికొని, పాసుపోర్టు లాగుకొనరాదని, ఫోను ఉంచుకొననియ్యవలెనని వ్రాయించినది. నిబంధనలన్నియు అమలగుచున్నవని కాదు. అయితే మన అక్కచెల్లెండ్రు కొయిటా అని పిలుచు ఆ కువైటులో, అదే ఇంటిలో అదే పని చేయు ఫిలిప్పీన్సు స్త్రీకి తరచుగా మన స్త్రీకంటె ఎక్కువ జీతము ఉండుటకు కారణము ఇదే. ఆమె వెనుక అడుగువారు కొందరు ఉన్నారు.

ఇంత దూరము తిరిగి మన గుమ్మములోనికి వచ్చినాము. ఇంటినుండి ఎవరినైనా పంపదలచినవారు "జీతమెంత?" అని మాత్రమే అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు ముందు అడుగవలసినవి నాలుగు ఉన్నవి.

ఈ వీసా ఎవరి పేరుతో కట్టబడినది? ఆ యిల్లు బాగులేనియెడల వేరొకచోటికి మారుటకు వీలున్నదా? విజిటు వీసామీద పంపి, అక్కడ మార్పించెదనను ఏజెంటు మాట నమ్మరాదు. ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటా కాదా అని నమోదు సంఖ్య అడిగి తెలిసికొనుడి. పదవ తరగతి లేని పాసుపోర్టుతో గల్ఫుకు ఇంటిపనికి వెళ్లు స్త్రీకి 30 ఏండ్లు నిండవలెనని మన దేశపు నిబంధన. వయస్సు దిద్దించెదనని ఎవరైనా చెప్పినయెడల అక్కడనే ఆగుడి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థలు ఈ పనికే ఉన్నవి.

ఒప్పందపు కాగితము చదివినారా? మనకు అర్థమగు భాషలో ఎవరిచేతనైనా చదివించుకొని, ఒక ప్రతి ఇంటిలో ఉంచుకొనుడి. కువైటు 2015లో చేసిన ఇంటిపనివారి చట్టములో వారమునకు ఒక దినము సెలవు, దినమునకు 12 గంటలకు మించని పని, సంవత్సరమునకు 30 దినముల జీతపు సెలవు వ్రాయబడియున్నవి. ఉన్న హక్కు తెలియనివారికి అది లేనట్లే.

వచ్చిన డబ్బులో ఆమె పేరున ఎంత? ఇది మేము ముఖ్యముగా అడుగుచున్న ప్రశ్న. తమ్ముని పెండ్లి, నాన్న అప్పు, అన్న మోటారు సైకిలు, ఇవన్నియు ఆమె జీతముతోనే. పదేండ్ల తరువాత ఆమె తిరిగి వచ్చినప్పుడు ఇల్లు అన్న పేరున, పొలము నాన్న పేరున ఉండును. ఆమెకు మోకాళ్ల నొప్పులు మాత్రము మిగులును. నెలకు ఇంత అని ఆమె ఖాతాలోనే నిలువ చేయుడి. స్థలము కొనినయెడల ఆమె పేరుననే కొనుడి. కుప్రవారు నిలిచినది సంపాదించిన చోటనే సంపాదన నిలిచినందున. మన గల్ఫు అక్కచెల్లెండ్రు అక్కడ స్థిరపడలేరు. కనుక వారి డబ్బు ఇక్కడనైనా వారి క్రింద నేలగా మారవలెను.

ఆమె ఫోను చేయకపోతే ఎవరు వెదకుదురు? ఆమె పాసుపోర్టు నకలు, యజమాని పేరు, చిరునామా, ఏజెంటు వివరములు ఇంటిలోను, మరియొక నమ్మదగినవారివద్దను ఉండవలెను. ఈ విషయములో సంఘములు చేయదగిన పని ఉన్నది. ప్రతి సంఘములో బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము ఉన్నవి. విదేశములోనున్నవారి పేర్ల పుస్తకము ఎన్ని సంఘములలో ఉన్నది? సంఘపెద్దలు ఒక నోటుపుస్తకము తెరచి, ఎవరు ఏ దేశములో, ఎవరింట, ఎప్పుడు వెళ్లినారు, చివరిసారి ఇంటితో మాటలాడినది ఎప్పుడు అని వ్రాయించవలెను. నెలకొకసారి ఆ పేర్లు చదివి, ఎవరి కబురు రాలేదో కనుగొనవలెను. నికోసియాలో స్నేహితురాండ్రు చేసిన ఫిర్యాదును ఎవరును పట్టించుకొనలేదు. అట్టి ఫిర్యాదును మన ఊరినుండి కలెక్టరువరకు, రాయబార కార్యాలయమువరకు మోయగలవారు సంఘములో నలుగురైనను ఉందురు గదా.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత జీతము సంగతి అడుగుడి. జవాబు దొరకనియెడల, జీతము ఎంత పెద్దదైనను టిక్కెట్టు కొనక ముందే ఇంటిలో అందరు కూర్చుండి మరియొకసారి మాటలాడుకొనుడి. వెళ్లవలసినది ఆమె గనుక, ఆ మాటలలో మొదట ఆమెనే మాటలాడనియ్యుడి.